నవంబరు 27: పునీతుల పట్టికలో ఒక భారతీయ రాకుమారుడు

ఏడాదిలో ఏ రోజున ఏ పునీతుణ్ణి, అంటే ఏ సెయింటును, స్మరించాలో చెప్పే పట్టిక ఒకటి కతోలిక సంఘానికి ఉంది. 16వ శతాబ్దం చివర దాన్ని సవరించి రోములో అచ్చువేశారు. ఆ ముద్రణలో నవంబరు 27 కింద బర్లాం, జోసఫాత్ అని ఇద్దరి పేర్లున్నాయి. వాళ్లు పర్షియా సరిహద్దున ఉన్న భారతదేశంవాళ్లనీ, వాళ్ల అద్భుత కార్యాలను డమస్కసు యోహాను రాశాడనీ ఆ ఒక్క వాక్యం చెబుతుంది. గ్రీకు క్రైస్తవులు జోసఫాత్ పండుగను ఆగస్టు 26న చేసుకుంటారు.

ఈ జోసఫాత్ ఎవరు? ఆయన కథ కాస్త చెబితే చాలు, తెలుగు పాఠకులు పోల్చుకుంటారు.

ఇండియాలో అబెన్నేరు అనే రాజు. క్రైస్తవులంటే పడదు, సన్యాసులను దేశం నుంచి తరుముతాడు, దొరికినవాళ్లను చంపిస్తాడు. చాలాకాలం పిల్లలు లేక లేక ఒక కొడుకు పుడతాడు. జ్యోతిష్కులంతా ఈ బిడ్డ మహారాజవుతాడని చెబుతారు. ఒక్కడు మాత్రం, ఇతని గొప్పతనం ఈ రాజ్యానికి చెందింది కాదు, ఇంకో రాజ్యానికి చెందింది అంటాడు. భయపడిన తండ్రి కొడుకును వేరే కోటలో పెట్టి, ముసలితనం, రోగం, చావు అనే మాటలైనా వాడి చెవిన పడకుండా కాపలా పెడతాడు. పెరిగి పెద్దవాడైన రాకుమారుడు పట్టుబట్టి బయటికి వస్తాడు. ఒకరోజు ఒక అవిటివాణ్ణి, ఒక గుడ్డివాణ్ణి చూస్తాడు. మరోరోజు పళ్లూడి, నడుం వంగిపోయిన ముసలివాడు ఎదురవుతాడు. ఇది అందరికీ వచ్చేదేనా అని అడుగుతాడు. అందరికీ అని జవాబు వస్తుంది. ఆ రోజు నుంచి వాడికి అన్నం సహించదు.

అవును, సిద్ధార్థుడే. జాతకం చూసిన ఎనిమిది మంది బ్రాహ్మణుల్లో ఏడుగురు రెండు వేళ్లెత్తితే కౌండిన్యుడు ఒక్క వేలే ఎత్తిన సంగతి కూడా ఇందులో ఆనవాలుగా మిగిలింది. ఎనిమిది వందల ఏళ్లకు పైగా యూరప్ బుద్ధుణ్ణి క్రైస్తవ పునీతుడిగా, తనకే తెలియకుండా, కొలుచుకుంది.

దీన్ని చాలామంది ఒక వింతగా చెప్పి వదిలేస్తారు. కొందరు ఎగతాళికి వాడుకుంటారు. నాకు రెండూ సరిపోవు. పునీతుల జీవితాలు అనే మహా సాహిత్యం ఎలా పుట్టింది, దాన్ని ఎలా చదవాలి అన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి పాఠం ఇంకోటి లేదు. అందుకే ఈ చిక్కుముడిని ఓపిగ్గా విప్పాలి.

ముందు పేరు. బోధిసత్వ అన్న మాట మధ్య ఆసియా మీదుగా పడమటికి వెళ్లింది. తుర్ఫాన్ ఎడారిలో దొరికిన, మానీ అనే ప్రవక్తను నమ్మిన మతస్థుల రాతప్రతుల తునకల్లో ఈ కథ జాడలు ఉన్నాయి. అరబ్బీలోకి వచ్చేసరికి ఆ పేరు బూదాసఫ్. అరబ్బీ లిపిలో మాట మొదట్లో వచ్చే 'బ'కు కింద ఒక చుక్క, 'య'కు రెండు చుక్కలు, మిగతా గీత ఒకటే. మన లిపిలో ఒత్తు గీత పడితే 'ద' కాస్తా 'ధ' అయినట్టు, అక్కడ ఒక చుక్క ఎక్కువై బూదాసఫ్ యూదాసఫ్ అయ్యాడు. జార్జియా భాషలో అది ఇయోదాసఫ్, గ్రీకులో ఇయోయాసఫ్, లాటిన్‌లో జోసఫాత్. బైబిల్లో యెహోషాపాతు అనే రాజు ముందే ఉన్నాడు గనుక లాటిన్ చెవికి ఆ పేరు కొత్తగా వినిపించలేదు.

రాసినవాడి విషయంలోనూ పట్టిక పొరబడింది. 8వ శతాబ్దపు డమస్కసు యోహాను ఈ గ్రీకు కథ రాశాడని శతాబ్దాల పాటు నమ్మారు. గ్రీసులోని ఆథోస్ కొండ మీది ఐవిరాన్ మఠంలో ఉండి 1028లో మరణించిన జార్జియా సన్యాసి యూథీమియస్, తన భాషలోని కథను గ్రీకులోకి పెంచి రాశాడని ఇప్పటి పండితులు ఎక్కువమంది అంటున్నారు. 1048లో కాన్‌స్టాంటినోపుల్‌లో లాటిన్ అనువాదం వచ్చింది. 1260 ప్రాంతంలో జాకొబస్ డి వొరాజిన్ కూర్చిన 'స్వర్ణ పుణ్యచరిత' అనే సంపుటంలోకి ఎక్కాక ఇక అడ్డే లేదు. ఆ సంపుటం రాతప్రతులు ఇప్పటికీ వెయ్యి దాకా మిగిలాయంటే అది ఎంతగా చేతులు మారిందో ఊహించుకోవచ్చు. 1591లో యేసుసభ (జెస్యూట్) గురువులు జపానులో అచ్చువేసిన పునీతుల కథల్లోనూ బర్లాం, జోసఫాత్‌లున్నారు. బౌద్ధులైన జపానువాళ్లకు వాళ్ల బుద్ధుడే వేరే దుస్తుల్లో, పడమర నుంచి ఓడెక్కి వచ్చాడు.

ఇప్పుడు అసలైన ప్రశ్న. కథ మతం మారేటప్పుడు ఏం మిగిలింది, ఏం మారింది?

శుద్ధోదనుడిని తలచుకోండి. ఆయన చెడ్డవాడు కాడు, కొడుకును పోగొట్టుకోలేని తండ్రి. అబెన్నేరు మాత్రం క్రైస్తవులను చంపించే రాజు. ఈ క్రౌర్యం ఎక్కడి నుంచి వచ్చింది? రోమా సామ్రాజ్యంలో విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షుల కథల నుంచి. విశ్వాసిని హింసించే అధికారి లేనిదే ఆ కథలు నడవవు. కాబట్టి తండ్రి పాత్రలోకి హింసించే అధికారి వచ్చి కూర్చున్నాడు.

రెండో మార్పు నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. సిద్ధార్థుడు చూసిన నాలుగు దృశ్యాల్లో నాలుగోది ఒక సన్యాసి. ఆ సన్యాసి ఏమీ బోధించడు. ప్రశాంతమైన ముఖంతో దారిన పోతుంటాడు, రాకుమారుడు చూస్తాడు, అంతే. గ్రీకు కథలో ఆ నాలుగో దృశ్యానికి నోరొచ్చింది. ఆయనే బర్లాం. అమూల్యమైన రత్నం తెచ్చానని చెప్పి వర్తకుడి వేషంలో కోటలోకి వస్తాడు. పుటలకు పుటలు ఉపమానాలు చెబుతాడు, జ్ఞానస్నానం ఇస్తాడు. బౌద్ధ కథలో విముక్తి తనకు తాను వెతుక్కోవలసినది, చెట్టు కింద ఒంటరిగా కూర్చుని సాధించుకోవలసినది. క్రైస్తవ కథలో అది ఒకరి నోటి ద్వారా అందే వార్త. కాబట్టి వార్త తెచ్చేవాడు తప్పనిసరి. పుండు ఒకటే, మందు వేరు. ఒక కథను ఇంకో మతం తీసుకున్నప్పుడు జరిగేది ఇదే: బాధను అలాగే ఉంచుతారు, జవాబును మార్చి రాస్తారు.

బర్లాం చెప్పే ఉపమానాల్లో ఒకటి మనకు మరీ దగ్గరది. ఒక మనిషిని ఒంటికొమ్ము మృగం తరుముతుంది. పరుగెత్తి గోతిలో పడబోతూ ఒక చెట్టును పట్టుకుంటాడు. కింద నోరు తెరిచిన మహాసర్పం. చెట్టు వేళ్లను ఒక నల్ల ఎలుక, ఒక తెల్ల ఎలుక కొరుకుతున్నాయి. అంతలో పై కొమ్మ నుంచి తేనె చుక్క కారుతుంది. వాడు అన్నీ మరిచి నాలుక చాపుతాడు. భారతం స్త్రీపర్వంలో, వందమంది కొడుకులను పోగొట్టుకున్న ధృతరాష్ట్రుడికి విదురుడు చెప్పిన కథ ఇది. అక్కడ మృగం ఏనుగు. నలుపు తెలుపు ఎలుకలు రాత్రింబవళ్లు. ఇటలీలోని పార్మా నగరంలో, జ్ఞానస్నాన మందిరం దక్షిణ ద్వారం పైన 13వ శతాబ్దపు శిల్పంలో ఆ మనిషి ఇప్పటికీ చెట్టెక్కి తేనె కోసం చేయి చాస్తున్నాడు. విదురుడి మాట అంత దూరం నడిచింది.

'మరి ఇదంతా అబద్ధమన్నమాట' అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ మాటలో మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ మనిషి జీవించాడా? ఆ మనిషిని జనం కొలిచారా? కథ ఎక్కడి నుంచి వచ్చింది? జోసఫాత్ అనే రాజు ఎప్పుడూ లేడు. ఆయన్ని కొలవడం మాత్రం నిజం. కథ మనది. ఒక్కో పునీతుడి విషయంలో ఈ మూడు జవాబులూ వేర్వేరుగా వస్తాయి, వాటిని విడదీసి అడగడం తెలియాలి.

అసలు పునీతుల చరిత్రలు మొదలైంది జ్ఞాపకంతోనే. 180 జులై 17న కార్తేజులో కొందరు క్రైస్తవుల విచారణ జరిగింది. దాని కథనం న్యాయస్థానపు నమోదులా పొట్టిగా, పొడిగా ఉంటుంది. అధికారి అడుగుతాడు, వాళ్లు జవాబిస్తారు, శిక్ష పడుతుంది. ఒక్క అద్భుతం కూడా లేదు. అదే నగరంలో 203లో పెర్పెతువ అనే యువతి చెరసాల నుంచి తన మాటల్లో రాసింది. పాలుతాగే బిడ్డ గురించి, చీకటి కొట్టు గురించి, విశ్వాసం వదులుకోమని బతిమాలిన తండ్రి గురించి, తనకొచ్చిన కలల గురించి. రెండో శతాబ్దంలో స్ముర్నా పీఠాధిపతి పొలికార్పును చంపి, దేహాన్ని కాల్చాక ఆయన ఎముకలను రత్నాలకంటే విలువైనవిగా ఏరుకున్నామని, ఏటేటా ఆ రోజును ఆయన పుట్టినరోజుగా జరుపుకుంటామని అక్కడి సంఘం లేఖ రాసింది. చచ్చిన రోజే పుట్టినరోజు. పునీతుల పట్టిక అనే ఆలోచనకు విత్తనం అక్కడ పడింది.

ఆ వార్షిక స్మరణకు చదవడానికి ఏదో ఒకటి కావాలి. లాటిన్‌లో 'లెగెండ' అంటే చదవవలసినది అని అర్థం. తర్వాతి కాలంలో యూరప్ భాషల్లో దానికి కట్టుకథ అనే అర్థం పట్టింది. ఈ ఒక్క మాట జాతకంలోనే మొత్తం సమస్య ఉంది. కొందరు వేదసాక్షుల పేరు, రోజు, సమాధి తప్ప ఏమీ మిగలలేదు. పండుగనాడు గుడి నిండా జనం. చదవడానికి పాఠం లేదు. అప్పుడు ఒక సన్యాసి కూర్చుని, వేదసాక్షి అంటే ఎలా ఉండాలో అలా రాశాడు: కోపిష్ఠి అధికారి, చెక్కుచెదరని యువతి, హింసించడానికి మీద పెట్టబోతే విరిగిపోయిన చక్రం, చివరికి కత్తి. మోసం చేయాలన్న ఉద్దేశం వాళ్లకు లేదు. పునీతులందరిలో పనిచేసేది ఒకే దేవుడు కాబట్టి ఒకరికి జరిగింది ఇంకొకరికీ జరిగే ఉంటుందని వాళ్లు మనస్ఫూర్తిగా అనుకున్నారు. ఇప్పటి చరిత్రకారుడి నియమం పెట్టి వాళ్లను దోషులుగా నిలబెట్టడం అన్యాయం.

నిజంగా జీవించిన మనిషి విషయంలోనూ జీవితచరిత్ర చేతులు మారుతుంది. అస్సీసి ఫ్రాన్సిసు 1226లో మరణించాడు, రెండేళ్లు తిరక్కుండానే పునీతుడిగా ప్రకటించారు. ఆయన్ని కళ్లారా చూసినవాళ్లు వేలమంది. సహచరుడు చెలానో తోమాసు వెంటనే చరిత్ర రాశాడు. అయినా 1266లో, బొనవెంతూరా రాసిన కొత్త చరిత్ర ఉంది కాబట్టి పాతవన్నీ నాశనం చేయాలని ఫ్రాన్సిసు స్థాపించిన సన్యాసుల సభే ఆజ్ఞ ఇచ్చింది. పేదరికాన్ని ఎంత కఠినంగా పాటించాలన్న గొడవ సభను చీలుస్తున్న కాలం అది. ఫ్రాన్సిసు ఏమన్నాడన్నది అప్పటికి గతం కాదు, నడుస్తున్న తగాదా. పాత చరిత్రలు అక్కడక్కడ దాగి మిగిలాయి గనుకనే మనకు ఇంకో ఫ్రాన్సిసు కూడా తెలుసు.

కట్టుకథ అని తేలిన దాన్ని అవతల పారేయడం కూడా పొరపాటే. జోసఫాత్ కథలోనే దీనికి రుజువుంది. కొడుకు మనసు తిప్పడానికి రాజు నాకోరు అనేవాణ్ణి బర్లాం వేషంలో సభకు పిలిపిస్తాడు, వాదనలో కావాలని ఓడిపొమ్మంటాడు. వాడు లేచి, తన ప్రమేయం లేకుండానే, క్రైస్తవ మతాన్ని గొప్పగా సమర్థిస్తాడు. ఎనిమిది వందల ఏళ్లకు పైగా అందరూ దాన్ని కథలోని ప్రసంగమనే చదివారు. 1889లో రెండెల్ హారిస్ అనే పండితుడికి సీనాయి కొండ మీది పునీత కేథరీన్ మఠంలో ఒక సిరియాక్ రాతప్రతి దొరికింది. అది 2వ శతాబ్దపు ఏథెన్సు తత్వవేత్త అరిస్టైడిస్ రోమా చక్రవర్తికి చేసుకున్న విన్నపం, ఎప్పుడో పోయిందనుకున్న గ్రంథం. దాన్ని చదివిన ఆర్మిటేజ్ రాబిన్సన్ అనే మరో పండితుడు ఈ మాటలు ఎక్కడో చూశానే అనుకున్నాడు. నాకోరు ప్రసంగం అదే. పోయిన గ్రీకు పాఠం బుద్ధుడి కథ పొట్టలో భద్రంగా ఉంది.

యేసు శిష్యుడు తోమా కథ సంగతి కూడా ఇలాంటిదే. 3వ శతాబ్దంలో సిరియాక్‌లో రాసిన తోమా కార్యాల నిండా అద్భుతాలే. అందులో ఆయన్ని వడ్రంగిగా కొనిపించుకుని కోట కట్టమన్న భారతీయ రాజు పేరు గుండఫరు. ఆ పేరుగల రాజును చరిత్ర పూర్తిగా మరిచిపోయింది, కల్పన అనుకున్నారు. 19వ శతాబ్దంలో కాబూలు, పంజాబు ప్రాంతాల్లో గొండఫారెస్ నాణేలు బయటపడ్డాయి. క్రీస్తు శకం మొదటి శతాబ్దపు రాజు. తోమా ఆ దేశం వచ్చాడని దీంతో రుజువు కాదు. కానీ ఆ కథ రాసినవాళ్లకు మన చరిత్రకారులకు తెలియని సంగతి ఒకటి తెలుసు.

మరి ఎంతవరకు ఒప్పుకోవాలి? ఈ ప్రశ్న సంఘానికే ఎదురైంది. 1250 ప్రాంతంలో ఫ్రాన్సులో, లియోన్ నగరానికి ఉత్తరాన డోంబ్ ప్రాంతంలో, బుర్బోన్ స్టీఫెన్ అనే డొమినికన్ గురువు పాపసంకీర్తనాలు, అంటే జనం తమ పాపాలు ఒప్పుకునే మాటలు, వింటున్నాడు. పునీత గినెఫోర్ దగ్గరికి బిడ్డను తీసుకెళ్లామని తల్లులు చెబుతుంటే, ఆ పునీతుడెవరో ఆరా తీశాడు. గినెఫోర్ ఒక వేటకుక్క. ఒక ప్రభువు బిడ్డను పాము నుంచి కాపాడి, నోటికి నెత్తురుతో నిలబడితే, బిడ్డను తిన్నదనుకుని యజమాని నరికేశాడు. తర్వాత నిజం తెలిసి బావిలో పూడ్చి, రాళ్లు పేర్చి, చెట్లు నాటించాడు. పంచతంత్రం చదివిన ప్రతి తెలుగు పిల్లవాడికీ ఈ కుక్క ముంగిసగా తెలుసు. నీళ్లకు వెళ్లి వచ్చిన తల్లి కడవ ఎత్తి ముంగిస మీద వేస్తుందే, ఆ కథే. పర్షియా, అరబ్బీ దారుల్లో నడిచి అది ఫ్రాన్సు అడవిలో ఒక సమాధి అయింది. స్టీఫెన్ ఆ ఎముకలు తవ్వించి, చెట్లు నరికించి కాల్చేశాడు. అయినా జబ్బుపడ్డ పిల్లలతో తల్లులు 19వ శతాబ్దంలోనూ ఆ అడవికి వస్తూనే ఉన్నారు. వాళ్లకు కావలసింది, తప్పు చేయకుండా చచ్చిపోయి, పిల్లలను కాపాడే ఒకరు. రోము రాసిన పట్టిక వాళ్లకు అక్కర్లేదు.

మొదట్లో పునీతులను ప్రకటించేది జనమూ స్థానిక పీఠాధిపతీ కలిసే. పోపు లాంఛనంగా ప్రకటించినవారిలో మనకు తెలిసిన మొదటివాడు ఆగ్స్‌బర్గు ఉల్రిక్, 993లో. ఆ అధికారం పోపుదేనని 1234లో చట్టమైంది. అద్భుతాలకు సాక్షులను పిలిచి విచారించే పద్ధతి ఆ తర్వాత గట్టిపడింది.

కథలను జల్లెడ పట్టే పనిని మాత్రం సంఘం లోపలివాళ్లే, యేసుసభవాళ్లే మొదలుపెట్టారు. ఇది నాకు ఎంతో గౌరవం కలిగించే సంగతి. హెరిబర్ట్ రోస్‌వైడ్ 1607లో తలపెట్టాడు. జాన్ బోలాండ్ 1643లో ఆంట్‌వర్ప్ నగరంలో జనవరి పునీతుల సంపుటాలు తెచ్చాడు. దొరికిన ప్రతి రాతప్రతినీ పోల్చి, ఏది పాతది, ఏది తర్వాత చేరిందో తేల్చడం వాళ్ల పని. పాపెబ్రోక్ అనే వాళ్ల పండితుడు, కార్మెల్ అనే సన్యాసుల సభను ఏలీయా ప్రవక్త స్థాపించాడన్న నమ్మకానికి ఆధారం లేదని రాసినందుకు, 1695లో స్పెయిన్ మతవిచారణ సభ ఆ సంపుటాలనే నిషేధించింది. వాళ్లు ఆపలేదు. ఆ పరంపర ఇప్పటికీ బ్రస్సెల్స్‌లో సాగుతోంది. విశ్వాసం ఉన్నవాడే తన విశ్వాసపు కథను ఇంత నిర్దాక్షిణ్యంగా పరీక్షించడం ఎంత కష్టమో ఆలోచించండి.

జోసఫాత్ గుట్టు బయటపడ్డానికీ చాలాకాలమే పట్టింది. సింహళంలో బుద్ధుడి కథ విన్న మార్కో పోలో, ఈయన క్రైస్తవుడై ఉంటే గొప్ప పునీతుడయ్యేవాడని రాశాడు. అప్పటికే అయ్యాడని ఆయనకు తెలియదు. 1600 ప్రాంతంలో గోవాలో ఉన్న పోర్చుగీసు చరిత్రకారుడు దియోగో దొ కూతో రెండు కథలూ ఒకటేనని గుర్తుపట్టాడు గానీ, తలకిందులుగా: జోసఫాత్‌నే ఇక్కడివాళ్లు బుద్ధుడని కొలుస్తున్నారనుకున్నాడు. 1859లో లాబూలే, 1860లో లీబ్‌రెక్ట్ అనే పండితులు అసలు దిశను చూపించారు.

ఈలోగా ఎముకలు కూడా పుట్టాయి. 1571లో వెనిస్ పాలకుడు పోర్చుగల్ రాజు సెబాస్టియన్‌కు జోసఫాత్ ఎముక ముక్కను కానుకగా ఇచ్చాడు. చేతులు మారి మారి అది ఆంట్‌వర్ప్ చేరింది. బోలాండ్ బృందం కూర్చుని రాతప్రతులు జల్లెడ పట్టిన నగరమే. అక్కడ పునీత అంద్రెయ దేవాలయంలో ఉంది ఆ అవశేషం.

1892లో మన భట్టిప్రోలు స్తూపంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపినప్పుడు రాతి కరండాలు దొరికాయి. బుద్ధుడి శరీర ధాతువులను ఉంచడానికి ఈ పెట్టెను, స్ఫటికపు బరిణెను చేయించామని వాటి మీద బ్రాహ్మీ అక్షరాల్లో కురుడనే అతని తల్లీ తండ్రీ చెక్కించారు. క్రీస్తుకు ముందటి రాత. అక్కడికి ఆట్టే దూరం లేని అమరావతి పలకల మీద కంథకమనే గుర్రం చప్పుడు కాకుండా యక్షులు దాని గిట్టలు పట్టుకుని రాకుమారుణ్ణి కోట దాటిస్తుంటారు. ఆంట్‌వర్ప్‌లోని ఆ ఎముక ఎవరిదో తెలియదు. దాని ముందు మోకరించినవాళ్లు తలచుకున్నది మాత్రం, ఆ రాత్రి కోట దాటినవాడినే.